ప్యాచ్ వేసినా పాత ప్రాసెస్సే నడుస్తుంది: కేవీఎం, క్యూఈఎంయూలతో పదేళ్లు

పదేళ్లకు పైగా మా ఆఫీసులోని రెండు ఉబుంటు సర్వర్ల మీద కేవీఎం (లినక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ భాగం), క్యూఈఎంయూ (హార్డ్‌వేర్‌ను అనుకరించే ప్రోగ్రామ్)లతో వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడుపుతున్నాను. వేగం గురించీ నిలకడ గురించీ నాకు ఫిర్యాదు లేదు. ఈ సమీక్ష భద్రతా లోపాలకు ప్యాచ్‌లు వేయడం గురించి మాత్రమే, ఎందుకంటే చాలాకాలం వాడితే తప్ప అందులోని మెలిక బోధపడదు.

2015 మే నెలలో క్యూఈఎంయూలో వెనమ్ అనే లోపం బయటపడింది. ఫ్లాపీ కంట్రోలర్‌ను అనుకరించే కోడ్‌లో 2004 నుంచీ ఉన్న ఆ లోపం వల్ల, గెస్టులో (వర్చువల్ మెషీన్‌లో) రూట్ హక్కులు, అంటే పూర్తి అధికారం, ఉన్నవారు దాన్ని దాటి హోస్టులోకి (దాన్ని నడిపే అసలు సర్వర్‌లోకి) చొరబడే వీలుండేది. ఫ్లాపీని ఎవరూ వాడకపోయినా ఆ కోడ్ మాత్రం అందుబాటులోనే ఉండేది. సవరించిన ప్యాకేజీ రాగానే వేసి, ప్రతి గెస్టులోకి లాగిన్ అయి రీబూట్ చేసి, పని పూర్తయిందనుకున్నాను. అది పొరపాటు. గెస్టు లోపలినుంచి రీబూట్ చేస్తే హోస్టులోని క్యూఈఎంయూ ప్రాసెస్ ఆగదు, పాత ప్రోగ్రామే మెమరీలో కొనసాగుతుంది. నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రాక్ డైరెక్టరీలో, ఆ ప్రాసెస్ ఏ ప్రోగ్రామ్ ఫైలుతో నడుస్తోందో చూపే లింకును చూసినప్పుడు ఫైలు పేరు చివర ‘డిలీటెడ్’ అని కనిపించింది: డిస్కు మీద కొత్త ఫైలు వచ్చినా, ప్రాసెస్ మాత్రం తొలగించిన పాత ఫైలునే పట్టుకుని ఉంది. అంటే మా గెస్టులన్నీ ఇంకా ఆ లోపంతోనే నడుస్తున్నాయి.

అప్పటినుంచి ప్రతి గెస్టునూ పూర్తిగా షట్‌డౌన్ చేసి, హోస్టునుంచి మళ్లీ స్టార్ట్ చేస్తున్నాను. అలా ఆపడానికి వీల్లేని వాటికి విర్ష్ (గెస్టులను నిర్వహించే కమాండ్ సాధనం)లోని మేనేజ్డ్‌సేవ్ ఎంతో ఆదుకుంది. గెస్టు మెమరీని డిస్కుకు రాసి, తిరిగి మొదలుపెట్టేటప్పుడు కొత్త ప్రాసెస్‌ను తెరుస్తుంది కనుక, గెస్టులోని పనులు చెదరకుండానే కొత్త బైనరీ (ప్రోగ్రామ్ ఫైలు) అమల్లోకి వస్తుంది.

అయితే 2018 జనవరిలో బయటపడిన స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపానికి ఆ ఉపాయం సరిపోలేదు. హోస్టు కెర్నల్, మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ లోపలి సాఫ్ట్‌వేర్), క్యూఈఎంయూ మూడూ మారిన తర్వాత కూడా, గెస్టు నిర్వచనంలో (దాని సెట్టింగుల ఫైలులో) పాత సీపీయూ మోడల్ పేరే రాసి ఉంటే కొత్త రక్షణ ఫ్లాగులు గెస్టుకు కనిపించవు. ఆ పేరు మార్చి, గెస్టును పూర్తిగా ఆపి మళ్లీ లేపాల్సిందే. అదే ఏడాది ఆగస్టులో ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎల్1టీఎఫ్ అనే మరో లోపం బయటపడినప్పుడు, బయటివారి కోడ్ నడిచే సర్వర్‌లో, ఒక్కో ప్రాసెసర్ కోర్‌ను రెండుగా పనిచేయించే హైపర్‌థ్రెడింగ్‌ను ఆపేశాను. వేగం కొంత తగ్గినా ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం.

ఇటీవలి ఉబుంటులో ప్యాకేజీలు వేయగానే, పాత హైపర్‌వైజర్ (ఇక్కడ క్యూఈఎంయూ) బైనరీతో నడుస్తున్న గెస్టులున్నాయో లేదో నీడ్‌రీస్టార్ట్ అనే సాధనం చెబుతుంది. నా దృష్టిలో ఇన్నేళ్లలో వచ్చిన మంచి మార్పుల్లో ఇది ముఖ్యమైనది. అయినా ఒక్కో గెస్టు క్యూఈఎంయూ మానిటర్‌లో (ఆదేశాలిచ్చే కన్సోల్‌లో) ‘ఇన్ఫో వెర్షన్’ అడిగి సరిచూసుకున్నాకే పని ముగిస్తాను. విర్ష్ జాబితాలో ప్రతి గెస్టు పేరు పక్కనే ఆ వెర్షన్ కూడా కనిపిస్తే ఎంతో మేలు.