బుషీ పాఠమా, వర్సిటీ పాఠమా?

అకౌంటింగ్ బొత్తిగా తెలియనివాళ్లు అడిగితే నేను చెప్పేవి రెండు. ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరాలో, అమెరికా బిజినెస్ స్కూల్ వార్టన్ ప్రొఫెసర్ బ్రయాన్ బుషీ చెప్పే ఫైనాన్షియల్ అకౌంటింగ్ పరిచయ కోర్సు ఒకటి, షేర్ బ్రోకింగ్ సంస్థ జెరోధా నడిపే వర్సిటీ సైట్‌లోని ఫండమెంటల్ అనాలసిస్ (కంపెనీ లెక్కలు చూసి షేరు విలువ అంచనా వేయడం) పాఠాలు ఇంకొకటి.

వర్సిటీ ఉచితం. జర్నల్ ఎంట్రీల (ప్రతి లావాదేవీని డెబిట్, క్రెడిట్ అనే రెండు వైపులా రాయడం) జోలికి పోకుండా, మన తిరుపతి కంపెనీ అమరరాజా బ్యాటరీస్ 2013-14 వార్షిక నివేదికను ముందుపెట్టుకుని ఒక్కో పద్దు చదవడం నేర్పుతుంది. షేర్లు కొనేవారికి ఇది దగ్గరి దారి. కాకపోతే ఆ నివేదిక ఇండ్ ఏఎస్ అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు రాకముందుది. పాఠం అయ్యాక అదే కంపెనీ తాజా నివేదిక కూడా తెరిచి చూడాలి, ఇప్పుడు దాని పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ.

బుషీ మాత్రం డెబిట్, క్రెడిట్ దగ్గర మొదలుపెట్టి ఒక ఊహా కంపెనీకి ఎంట్రీలు రాయిస్తారు. అరువు మీద అమ్మితే డబ్బు చేతికి రాకముందే లాభం ఎలా పుడుతుందో స్వయంగా రాస్తేనే బుర్రకెక్కుతుంది. చిక్కల్లా అమెరికా పద్ధతితోనే. కట్టిన వడ్డీని అక్కడ ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోలో (రోజువారీ వ్యాపారంలో వచ్చిపోయే నగదు లెక్కలో) తీసేస్తారు. ఇండ్ ఏఎస్ ప్రకారం బ్యాంకుల్లాంటి ఆర్థిక సంస్థలు తప్ప మిగతా కంపెనీలు దాన్ని ఫైనాన్సింగ్ (అప్పులు, వాటాల ద్వారా వచ్చిపోయే నగదు) కింద చూపుతాయి. ఈ తేడా తెలియకపోతే అప్పుల్లో మునిగిన మన కంపెనీ కూడా నగదు బాగా సంపాదిస్తున్నట్టే కనిపిస్తుంది.

బీకాం చదివినవారికి వర్సిటీ చాలు. ఇంజినీరింగ్ నుంచి వచ్చినవారు మాత్రం ముందు బుషీతో ఎంట్రీలు రాయండి, కాస్త విసుగనిపించినా సరే.