పంతొమ్మిదేళ్లుగా సీసీ అకౌంట్: బ్యాంకులో నేను చూసే మొదటి సంగతి

సత్తెనపల్లిలో మాకు ఎరువుల షాపు ఉంది. 2006 నుంచి ఒక ప్రభుత్వ బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) అకౌంట్, అంటే స్టాకు, రావాల్సిన బాకీలు చూపించి లిమిట్ దాకా వాడుకునే అప్పు ఖాతా, 2019 నుంచి ఒక ప్రైవేట్ బ్యాంకులో కరెంట్ అకౌంట్ నడుపుతున్నాను. పేర్లు రాయను. కొత్తగా షాపు పెట్టేవాళ్లు "వడ్డీ ఎంతండీ?" అనే అడుగుతారు. అప్పట్లో నేనూ అంతే. ఇప్పుడైతే అర శాతం ఎక్కువైనా సరే, పని తెలిసిన బ్రాంచి చూసుకోమంటాను.

2011లో స్టాక్ చూడ్డానికి ఒక ఫీల్డ్ ఆఫీసర్ గోడౌన్‌కి వచ్చారు. అంతకుముందు వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి, బస్తాలు లెక్కేసి, సంతకం పెట్టి వెళ్లేవాళ్లు. ఈయన హమాలీ చేత పై వరసలు దింపించి, అడుగున ఉన్న యూరియా బస్తాలను బొటనవేలితో నొక్కి చూశారు. గడ్డకట్టాయి. వాటి విలువ పెద్దదేం కాదు. తర్వాత అరువు పుస్తకం అడిగారు. మూడు నెలలు దాటిన బాకీలన్నిటికీ పెన్సిల్‌తో టిక్కు పెట్టి, "ఇవి తీసేసి స్టేట్‌మెంట్ మళ్లీ ఇవ్వండి" అన్నారు. నా డ్రాయింగ్ పవర్, అంటే స్టాకునీ బాకీలనీ బట్టి నేను వాడుకోగలిగే మొత్తం, బాగా పడిపోయింది. చాలా కోపమొచ్చింది. కానీ ఆ బాకీల్లో సగం చివరికి రాలేదు. లిమిట్ అంతా వాడేసి ఉంటే అకౌంటు ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యేది, తాకట్టులో ఉన్న ఇంటి మీదకి వచ్చేది.

మన బ్యాంకుల మొండి బాకీలు 2018 మార్చిలో మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. 2024 సెప్టెంబరుకి 2.6 శాతానికి దిగాయి. రద్దు చేసిన బాకీలు, కేంద్రం పెట్టిన మూలధనం, 2016 దివాలా చట్టం, అన్నిటికీ అందులో వాటా ఉంది. నాకు మాత్రం ఆ పెన్సిల్ టిక్కులే గుర్తొస్తాయి.

నా పెద్ద ఫిర్యాదూ ఇక్కడే. ఆ ఫీల్డ్ ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయ్యాక, ఆయనకు తెలిసిందంతా ఆయనతోనే పోయింది. 2016లో కొత్త మేనేజర్ వచ్చేసరికి ఫైల్లో ఇన్‌స్పెక్షన్ రిపోర్టులే లేవు. సీసీ లిమిట్ రెన్యూవల్ రెండు నెలలు ఆగింది, అదీ సరిగ్గా ఖరీఫ్‌లో. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. మేనేజర్‌ని తప్పుపట్టను. ముందువాళ్లు ఏదీ రాసిపెట్టకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు?

ప్రైవేట్ బ్యాంకులో ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలు వేరే ఖాతాకి పంపడం) కూర్చున్నచోటే అయిపోతుంది. జీఎస్టీ లెక్కలు చూసి రెండు రోజుల్లో లోన్ ఇస్తామన్నారు కూడా. కానీ ఈఎంఐ నెలనెలా కట్టాలి. రైతు మిర్చి అమ్మాకే నాకు డబ్బొస్తుందని చెబితే సిస్టమ్ ఒప్పుకోదన్నారు. రిలేషన్‌షిప్ మేనేజర్లు ఇప్పటికి ఐదుగురు మారారు. ప్రతి ఒక్కరికీ నా వ్యాపారమేంటో మొదటి నుంచీ చెప్పాల్సిందే.

యాప్ ఉంటే చాలనుకోకండి, దాని వెనక ఐటీ గట్టిగా ఉండాలి. 2024 ఏప్రిల్‌లో ఐటీ లోపాల వల్లే కోటక్ మహీంద్రా బ్యాంకును (నాది అది కాదు) ఆన్‌లైన్‌లో కొత్త కస్టమర్లను చేర్చుకోవద్దని, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వొద్దని రిజర్వ్ బ్యాంక్ ఆపింది. 2025 ఫిబ్రవరిలో గానీ ఆ ఆంక్షలు ఎత్తేయలేదు.

2016 తర్వాత ప్రతి ఇన్‌స్పెక్షన్ కాగితానికీ ఒక జిరాక్స్ నా దగ్గర పెట్టుకుంటున్నాను. ఈమధ్య వచ్చిన కొత్త మేనేజర్ గారికి మొదటి రోజే ఆ ఫైలు ఇచ్చాను. ఆవిడ అరగంట కూర్చుని చదివి, "అరువు పుస్తకం కూడా తెచ్చారా?" అని అడిగారు.