మాలా-ఎన్‌తో అయిదున్నరేళ్లు: నా అనుభవం

మా ఇంట్లో ఈ గర్భనిరోధక మాత్రల ప్యాకెట్ ఎక్కడ పెట్టాలన్నదే మొదటి తలనొప్పి. అనంతపురం పాతూరులో మాది రెండు గదుల ఇల్లు. అత్త, మామ, మేమిద్దరం, పాప. ఎవరి కంటా పడకూడదని మొదట వంటింట్లో మెంతుల డబ్బాలో దాచినాను. స్టవ్వు పక్కనే అల్మారా, పైన రేకుల కప్పు. ఏప్రిల్ వస్తే ఆ డబ్బా పట్టుకుంటే చేయి కాలుతుంది. మాత్రలు అట్లా వేడిలో ఉంచకూడదని సిస్టర్ చెప్పినాక బీరువాలో పట్టుచీరల కిందికి మార్చినాను. రాత్రి తొమ్మిదింపావుకు ఫోన్లో అలారం పెట్టుకుని, దానికి ‘పాలు తోడెయ్’ అని పేరు పెట్టినాను. అయిదేళ్లు రోజూ అది మోగింది. “పాలు తోడెయ్యడానికి గూడా నా కోడలికి ఫోనే చెప్పల్ల” అని మా అత్త పక్కింటోళ్లతో చెప్పుకుని నవ్వేది.

నేను వాడింది మాలా-ఎన్. సర్కారు మాత్ర. 28 మాత్రల పట్టీ, అందులో 21 తెల్లవి, 7 గోధుమరంగువి. పని చేసేవి తెల్లవే. ఒక్కోదాంట్లో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్ హార్మోన్ 0.03 మిల్లీగ్రాములు ఉంటాయి. గోధుమరంగువి ఉత్త ఐరన్ మాత్రలు, రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా ఉండడానికి, ఒంట్లో రక్తం పట్టడానికి. ఆరోగ్య కేంద్రంలో ఉచితం, ఆశా అక్క ఇంటికి తెచ్చిస్తే ప్యాకెట్‌కు ఒక రూపాయి. ఇదే మందు మాలా-డి పేరుతో మెడికల్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. ఉచితం అంటే నాసిరకం అనుకునేవాళ్లు మా ధర్మవరం అంగట్లోనే ముగ్గురున్నారు (నేను అక్కడ పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాను). మందు ఒకటే, అట్టపెట్టె వేరు. దీని మీద వాదించీ వాదించీ వదిలేసినాను.

మా చుట్టుపక్కల మాత్ర వాడే మనిషి నాకు తెలిసినంతలో నేనొక్కదాన్నే. ఇద్దరు పిల్లలు పుడితే ఆపరేషన్, అంతే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్ర వాడేవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ మధ్య నాలుగేళ్లు కావాలనుకునేదానికి ఎవరి దగ్గర సలహా దొరుకుతుంది? అందుకే మొదట్లోనే తప్పు చేసినాను.

పాప 2016 నవంబరులో పుట్టింది. నాలుగో నెల్లో ఒక మెడికల్ షాపుకు పోయి ‘పిల్లలు పుట్టకుండా’ అని నెమ్మదిగా అడిగితే, షాపాయన నా మొహం కూడా చూడకుండా ఒక పట్టీ కాగితంలో చుట్టి ఇచ్చినాడు. పాలిస్తున్నావా అని అడగలేదు. బీపీ అడగలేదు. తలనొప్పి వస్తుందా అని అడగలేదు. పద్దెనిమిది రోజులు వేసుకున్నాను. పాలు తగ్గినట్టు అనిపించి, టీకాలకు పోయినప్పుడు సిస్టర్‌తో చెప్పినాను. ఆమె చేతిలో సూదిమందు పక్కన పెట్టేసి, “బిడ్డకు ఆరు నెల్లు నిండకుండా ఈ మాత్రలు ఎవురిచ్చిరి మే నీకు?” అని అందరి ముందరా కసిరింది. ఇందులో ఉండే ఈస్ట్రోజన్ పాలను తగ్గించవచ్చు, పైగా కాన్పయిన కొత్తల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉంటుందట. పాలిచ్చే తల్లికి ఇంకేవేవో ఉన్నాయి: కాపర్-టీ, మూడు నెలలకొక అంతర ఇంజెక్షన్, హార్మోన్ లేని ఛాయ మాత్ర. నేను మాత్రం నిరోధ్‌తో ఏడో నెల దాకా లాక్కొచ్చి, 2017 జూన్‌లో డేట్ వచ్చిన రెండో రోజు మాలా-ఎన్ మొదలుపెట్టినాను. డేట్ వచ్చిన అయిదు రోజుల్లోపు మొదలుపెడితే ఆ రోజు నుంచే భరోసా. నెల మధ్యలో మొదలుపెట్టాలంటే ముందు గర్భం లేదని తేల్చుకుని, మొదటి ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాల.

మొదటి రెండు ప్యాకెట్లు నాకు నరకం. అబద్ధం చెప్పను. పొద్దున్నే వేసుకుంటే ధర్మవరం బస్సులో వాంతి వచ్చినట్టుండేది. మూడో వారం నుంచి రాత్రి సంగటి తిన్నాక వేసుకోవడం మొదలుపెడితే సగం తగ్గింది. నెల మధ్యలో చుక్కలు చుక్కలుగా మరకలు పడేవి, రొమ్ములు బరువెక్కేవి. ఇవన్నీ రెండు మూడు నెలల్లో సర్దుకుంటాయి, మధ్యలో ఆపొద్దు అని సిస్టర్ ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. నాలుగో ప్యాకెట్ నుంచి ఏమీ లేదు. ఒకవేళ మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు నిజంగానే వాంతి అయితే ఇంకోటి వేసుకోవాల. నీళ్ల విరేచనాలు ఒకటి రెండు రోజులు ఆగకపోతే మాత్రలు మర్చిపోయినట్టే లెక్క.

లాభాలు కూడా చెప్పాల కదా. అంతకుముందు డేట్ వస్తే మొదటి రెండు రోజులు నడుం పట్టేసి దుకాణంలో కుర్చీలోంచి లేవలేకపోయేదాన్ని. ఈ మాత్రతో అది నాలుగు రోజుల చిన్న వ్యవహారం అయిపోయింది. పాప పుట్టినప్పుడు 9.2 ఉన్న నా రక్తం రెండేళ్లకు 11.4 అయింది. బరువు రెండు కేజీలు పెరిగినాను. అది మాత్ర మహిమా, దుకాణం ముందర బండి మీది ఉగ్గాని బజ్జీ మహిమా అంటే నేను బజ్జీ మీదికే నెడతాను.

ఇక అసలు సంగతి, మర్చిపోవడం. సరిగ్గా వేసుకుంటే ఏడాదిలో నూరుమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలు మనుషులు మర్చిపోతూ వాడితే ఏడుగురు దాకా వస్తుంది. ఆ తేడా అంతా మన మతిమరుపుదే.

2019 ఫిబ్రవరిలో తాడిపత్రిలో మా ఆడబిడ్డ పెళ్లి. పట్టుచీరలన్నీ పెట్టెలో సర్దుకున్నాను, వాటి కిందున్న ప్యాకెట్ మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. పెళ్లింట్లో రాత్రి అలారం మోగితే ఓళిగలు వడ్డిస్తా ఆపేసినాను. మూడు రాత్రులు. తిరిగి వచ్చి పట్టీ తీసి చూస్తే 16, 17, 18వ మాత్రలు అట్లే ఉండి నన్ను చూస్తున్నాయి. గుండె జారిపోయింది. మూడూ ఒకేసారి మింగేద్దామని చేతిలోకి గూడా తీసుకుని, ఎందుకో ఆగి సిస్టర్‌కు ఫోన్ చేసినాను.

ఆమె చెప్పినట్టే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మర్చిపోయినది ఒక్కటే అయితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాల, ఆ రోజుది దాని టైముకు వేసుకోవాల, ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. రెండు, అంతకంటే ఎక్కువ తెల్లవి పోయినాయంటే ఆఖరున మర్చిపోయినది ఒక్కటి ఇప్పుడే వేసుకుని, మిగతా పాతవి వదిలేసి, రోజువారీవి కొనసాగిస్తా ఏడు రోజులు నిరోధ్ వాడాల. నాలాగా మూడో వారంలో మర్చిపోతే ఇంకో మెలిక ఉంది. మిగిలిన తెల్లవి పూర్తి చేసి, గోధుమరంగువి ముట్టుకోకుండా మరుసటి రోజే కొత్త ప్యాకెట్ తెరవాల. ఎందుకంటే, అండాన్ని నిద్రపుచ్చడానికి వరసగా ఏడు తెల్ల మాత్రలు కావాల, ఏడు రోజుల విరామం వరకు అది ఓర్చుకుంటుంది. మర్చిపోయిన మూడు రోజులకు ఐరన్ ఏడు రోజులు తోడైతే అది లేచి కూర్చుంటుంది. అన్నిటికన్నా ప్రమాదం కొత్త ప్యాకెట్ ఆలస్యంగా మొదలుపెట్టడం అని ఆమె రెండుసార్లు నొక్కి చెప్పింది. మొదటి వారంలో మర్చిపోయి ఆ మధ్యలో కలిసి ఉంటే, 72 గంటల్లోపు అత్యవసర మాత్ర గురించి అడగాల. గోధుమరంగువి మర్చిపోతే మాత్రం ఏమీ కాదు.

ఆ నెల నాకు ఏమీ కాలేదు. అప్పటినుంచి హ్యాండ్‌బ్యాగులో ఇంకో ప్యాకెట్ ఎప్పుడూ ఉంచుకున్నాను. ఆ జాగ్రత్తే 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో అంగళ్లన్నీ మూసినప్పుడు అక్కరకొచ్చింది.

తిరుమలకు మొక్కు తీర్చుకోవడానికి పోయేటప్పుడు డేట్ అడ్డం పడుతుందని మా తోడికోడలు ప్రతిసారీ వాయిదా మాత్రలు వేరే కొనుక్కొస్తుంది. నన్నూ వేసుకోమనింది. మాలా-ఎన్ వాడేవాళ్లకు అవి అక్కర్లేదు. ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త ప్యాకెట్ తెల్లవి మొదలుపెడితే డేట్ ఆగుతుంది. డాక్టరమ్మను అడిగే చేసినాను, రెండుసార్లు.

అదే తోడికోడలు నా మాట విని తనూ మొదలుపెడతానంటే నేనే అడ్డం పడినాను. ఆమెకు తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందర వంకర మెరుపు గీతలు కనిపిస్తాయి. ఆ రకం మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈ మాత్రతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది, అసలు వాడకూడదు. గుండె జబ్బు, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర, రొమ్ము క్యాన్సర్, ముదిరిన లివర్ జబ్బు ఉన్నవాళ్లకూ, 35 దాటి సిగరెట్టో బీడీయో తాగేవాళ్లకూ అంతే. టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని మూర్ఛ మందులు ఈ మాత్రను పని చేయనివ్వవు. జలుబుకో పుండుకో ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఆ గొడవ లేదు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పంటి డాక్టరైనా సరే, మాత్ర వాడుతున్నానని చెప్పేదాన్ని. ఇది సుఖరోగాలనూ హెచ్ఐవీనీ ఆపదు, దానికి నిరోధే.

మా అవ్వ మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. “ఆ మాత్రలు శానా వేడే, గర్బసంచి ఎండిపోతాది” అని బెదిరించేది. 2021 మార్చిలో ప్యాకెట్ పూర్తి చేసి ఆపేసినాను. మూడో నెలకే కడుపు నిలిచింది. 2022 ఫిబ్రవరిలో బాబు. అవ్వకు ఆ ఫలితం చూపించడానికి వాణ్ణి ఒళ్లో పెట్టినాను. “వీడు వేడికి పుట్టినోడే, అందుకే ఇంత ఏడుపు” అనింది.

2023 జనవరిలో మళ్లీ మొదలుపెట్టినాను. మొదటి విడతలో సిస్టర్ మూడు నెలలకొకసారి బీపీ చూసేది. రెండో విడతలో నేను పెద్ద అనుభవజ్ఞురాలిని కదా, ఆశా అక్క దగ్గర ప్యాకెట్లు తీసుకోవడమే, చూపించుకోవడం లేదు. దాదాపు రెండేళ్లు. 2024 నవంబరులో దుకాణం దగ్గర ఉచిత శిబిరం పెడితే సరదాగా చేయి చాపినాను. 148/96. ఆ అబ్బాయి మిషన్ చెడిపోయిందేమో అనుకుని ఇంకో చేతికి కట్టినాడు. 150/94. నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు, ఏమీ లేదు. వారం తర్వాత సాయినగర్‌లో డాక్టరమ్మ దగ్గర చూసినా అంతే.

“140/90 దాటితే ఈ మాత్ర వద్దు. ఈరోజుతో బంద్,” అనింది ఆమె. మాత్ర వల్లే పెరిగిందా, మా నాయనకున్న బీపీ నాకూ వచ్చిందా అంటే, రెండూ ఉండొచ్చనింది. అప్పుడే పిక్కలు నొప్పితో వాచినాయా, ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ వచ్చిందా, చూపు మసకబారిందా, కడుపులో తీవ్రమైన నొప్పి ఉందా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చిందా అని వరసగా అడిగింది. ఇందులో ఏది వచ్చినా మాత్ర ఆపి ఆ పూటే ఆసుపత్రికి రావాలట. దేవుడి దయ, నాకు ఏవీ లేవు. మాత్ర ఆపిన రెండు నెలలకు బీపీ 132/86కు దిగింది.

ఇప్పుడు కాపర్-టీ పెట్టించుకున్నాను, పదేళ్లు పని చేసే రకం. నిజం చెప్పాలంటే నాకు మాత్రే ఇష్టం. కాపర్-టీతో డేట్ మళ్లీ ఆరు రోజులు, నడుంనొప్పి మళ్లీ మొదలు. మాలా-ఎన్‌కు అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి మాత్రది కాదు, బీపీ చూడకుండానే చేతిలో పెట్టే వాళ్లదీ, చూపించుకోని నాదీ.

బ్యాగులో మిగిలిన ప్యాకెట్‌ను గడువు తేదీ చూసి ఆశా అక్కకు తిరిగిచ్చేసినాను. సగం వాడిన పట్టీ ఇంకా పట్టుచీరల కిందే ఉంది. అలారం తీసేయలేదు, తొమ్మిదింపావుకు మోగుతానే ఉంది. ఇప్పుడు నిజంగానే లేచి పాలు తోడేస్తున్నాను.