జాగ్రత్త: బిల్లు మీద ఉత్త "ఆర్‌టీఎక్స్ 3050" అని రాస్తే పైసలు కట్టకండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ దిక్కు కొత్త సిస్టం చేయించుకునేటోళ్లు, ముఖ్యంగా పెళ్లి వీడియో మిక్సింగ్, ఆల్బం డిజైనింగ్ చేసే స్టూడియో అన్నలు ఇది పూర్తిగా చదవండి. మన జిల్లాల ఒక స్టూడియోకు 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050 (ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు) అని నోటిమాట చెప్పి, దాని రేటే తీసుకుని, 6 జీబీ కార్డు బిగించి ఇచ్చిన్రు. కొటేషన్ మీద, బిల్లు మీద "ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు" అని ఒక్క ముక్కే ఉంది. అడగవోతే "3050 అన్నం, 3050 ఇచ్చినం" అనే జవాబు వచ్చింది. కాయితం ప్రకారం ఆ మాటను తప్పు పట్టలేం కూడా.

ఎందుకంటే ఒకే పేరు మీద రెండు వేర్వేరు కార్డులు ఉన్నయి. 8 జీబీది 2022 జనవరిల వచ్చింది. అందుల 2560 కుడా కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు), 128 బిట్ మెమరీ బస్ (మెమరీకి పోయే దారి వెడల్పు), సెకనుకు 224 జీబీ బ్యాండ్‌విడ్త్ (ఆ దారిల పోయే డేటా), 130 వాట్ల పవర్. 6 జీబీది 2024 ఫిబ్రవరిల వచ్చింది. దాంట్ల 2304 కోర్లు, 96 బిట్ బస్, 168 జీబీ బ్యాండ్‌విడ్త్, 70 వాట్లు. బూస్ట్ క్లాక్ (చిప్పు గరిష్ఠ వేగం) కూడా 1777 మెగాహెర్ట్జ్ నుంచి 1470కి పడిపోయింది. లెక్క కట్టి చూస్తే 8 జీబీదానిది 9.1 టెరాఫ్లాప్స్ (ఒక్కోటి సెకనుకు లక్ష కోట్ల లెక్కలు), 6 జీబీదానిది 6.8. అంటే నాలుగో వంతు బలం పోయినట్టే.

"రెండు జీబీలే కదా తక్కువ" అని సర్ది చెప్తరు, ఆ మాట నమ్మకండి. ఈ కార్డులల్ల ఒక్కో మెమరీ చిప్పు 2 జీబీ, ఒక్కోటి 32 బిట్ల దారితోటి జీపీయూకు, అంటే కార్డు మీది అసలు చిప్పుకు కలుస్తది. 8 జీబీకి నాలుగు చిప్పులు, 128 బిట్లు. ఒక చిప్పు తీసేస్తే దాని దారి కూడా పోతది, 96 మిగులుతది. విజయవాడ హైవే మీద ఒక లైను మూసేసినట్టు అన్నమాట, బండ్లు అవే, దారి తగ్గింది.

స్టూడియో పనిల ఇది ఎక్కడ బయటపడ్తదో తెలిసి ఉండాలె. 4కే ఫుటేజీ మూడు నాలుగు కెమెరాలది టైంలైన్ మీద పెట్టి, పైన కలర్ గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్ వేస్తే కార్డు మెమరీ నిండిపోతది. నిండినంక మిగిలింది సిస్టం ర్యామ్ దిక్కు పోవాలె. కార్డును బోర్డుకు కలిపే స్లాట్‌ను పీసీఐఈ అంటరు, రెండు 3050లూ అందుల ఎక్స్8, అంటే ఎనిమిది లైన్లే వాడే కార్డులు. పదో జనరేషన్ ఇంటెల్ బోర్డుల లెక్క 3.0 స్లాట్ ఉంటే ఆ దారిల సెకనుకు దాదాపు 8 జీబీయే పోతది. 168 ఎక్కడ, 8 ఎక్కడ! ప్రివ్యూ ఆగి ఆగి నడుస్తది, లేకపోతే జీపీయూ మెమరీ ఫుల్ అని ఎర్రర్ వస్తది. 6 జీబీ కార్డు ఈ గోడకు ముందే గుద్దుకుంటది.

ఎక్స్‌పోర్ట్‌ల మాత్రం తేడా పెద్దగా కనపడదు. రెండింట్ల ఒకే తరం ఎన్‌వీఈఎన్‌సీ ఎన్‌కోడర్ (వీడియో ఫైలు తయారు చేసే భాగం) ఉంటది, సాదా హెచ్.264 ఫైలు ఇంచుమించు ఒకే టైముల బయటికొస్తది. షాపుల ఒక చిన్న క్లిప్పు ఎక్స్‌పోర్ట్ చేసి "చూడండి, ఎంత ఫాస్టుగుందో" అని చూపిస్తే దానితోటి ఏమీ రుజువు కాదు. మీ సొంత ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌ల తీస్కపోయి, ఎఫెక్టులతో సహా ప్లే చేసి చూడండి.

6 జీబీ కార్డు చెడ్డదని చెప్పడం లేదు. 70 వాట్లే కాబట్టి స్లాట్ ఇచ్చే 75 వాట్లల్లనే నడుస్తది. పాత ఆఫీసు డెస్క్‌టాప్‌ల 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బ) ఉండి, విడిగా పవర్ కేబుల్ లేకపోతే అదే సరైన ఎంపిక. 6 జీబీ అని చెప్పి, 6 జీబీ రేటుకు ఇస్తే ఎవరికీ అభ్యంతరం లేదు.

డెలివరీ తీసుకునే ముందు క్యాబినెట్ పక్క అద్దం నుంచి కార్డు మీద చూపు పెట్టండి. 8 జీబీ కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి పవర్ కేబుల్ రావాలె, ఎక్కువ వాటికి 8 పిన్ది. వైరే లేదంటే అక్కడే ఆగండి. తర్వాత కార్డు వివరాలు చూపించే, ఫ్రీగా దొరికే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి మూడు గడులు చూడండి: షేడర్స్ (కోర్లనే ఇట్ల చూపిస్తది) 2560, బస్ విడ్త్ 128 బిట్, మెమరీ సైజు 8192 ఎంబీ. చిప్పు పేరు చూసి మాత్రం గొడవ పెట్టుకోకండి. 8 జీబీ కార్డు మొదట జీఏ106 చిప్పుతో వచ్చినా, తర్వాత జీఏ107తో 115 వాట్ల రకం కూడా వచ్చింది, దాంట్ల కూడా కోర్లు 2560యే. బస్ ఇంటర్‌ఫేస్ గడిల పీసీఐఈ 1.1 అని కనపడినా కంగారొద్దు, పని లేనప్పుడు కార్డు వేగం తగ్గించుకుంటది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి లోడు ఇస్తే అసలుది చూపిస్తది.

పాత కార్డులల్ల కూడా ఇదే మోసం. ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 580 అంటే 2304 షేడర్లు ఉండాలె. 2018ల చైనా మార్కెట్ కోసం వచ్చిన "2048ఎస్‌పీ" రకం పేరుకే 580, లోపలిది 570 కోరు. ఎన్‌విడియా జీటీ 1030ల డీడీఆర్4 మెమరీ ఉన్న వేరియంట్ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 16.8 జీబీ, జీడీడీఆర్5 మెమరీ ఉన్నదానిది 48. దాదాపు మూడింతల తేడా, పేరు మాత్రం ఒకటే.

బిల్లు జీఎస్టీదే తీసుకోండి. అందుల బ్రాండు, పూర్తి మోడల్ నంబరు, "8 జీబీ" అన్న మాట, సీరియల్ నంబరు ఉండాలె. ఆ సీరియల్ కార్డు వెనక స్టిక్కర్‌తో, డబ్బ మీదిదానితో కలవాలె, వారంటీ దాని మీదనే నడుస్తది. డబ్బ పారేయకండి.

ఇప్పటికే మోసపోయినోళ్లు జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్, కార్డు స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకుని, ముందు షాపుకు రాతపూర్వకంగా అడగండి. వినకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించింది 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు 2 ఏండ్లు. బిల్లుల 8 జీబీ అని లేకపోయినా, వాట్సాప్‌ల వాళ్లు పంపిన మాట ఉంటే పనికొస్తది. ఆ చాట్ డిలీట్ చేయకండి.