బుద్ధుడు టీవీ చూస్తున్న చోట

సియోల్‌లో ఐదు రోజులున్నాం, మా ఆయనా నేనూ. ప్యాలెస్‌ల గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. నేను నామ్ జూన్ పైక్ (1932–2006) కోసం ఊరు దాటి వెళ్ళిన రెండు పూటల సంగతి చెప్తాను. వీడియోతో కళ చేసిన తొలితరంలో పెద్ద పేరు ఆయనది.

ముందు యోంగిన్‌లో ఆయన పేరుతో 2008లో తెరిచిన ఆర్ట్ సెంటర్‌కి వెళ్ళాం. సబ్‌వేలో గిహుంగ్ దాకా గంటకు పైనే ప్రయాణం, అక్కణ్ణుంచి నడక. గూగుల్ మ్యాప్ మాకు నడిచే దారి చూపించలేదు. కొరియా వాళ్ళ మ్యాప్ యాప్ నేవర్ మ్యాప్ వేసుకోండి. లోపలికి టికెట్ లేదు.

అక్కడ 'టీవీ బుద్ధ' ఉంది, 1974లో మొదలైన ఆలోచన. బుద్ధ విగ్రహం, ఎదురుగా చిన్న టీవీ, టీవీ వెనక కెమెరా. టీవీలో కనిపించేది ఆ బుద్ధుడే. తన్ను తాను చూసుకుంటూ కూర్చున్నాడు. ఇది ధ్యానమా, సెల్ఫీయా? మా ఆయన విగ్రహం వెనక్కి వెళ్ళి నిలబడితే బుద్ధుడి భుజం పక్కన ఆయన బొజ్జ కూడా తెర మీదికొచ్చింది. నవ్వాపుకోలేకపోయాను. అమరావతి తొలి శిల్పాల్లో బుద్ధుడికి రూపమే ఉండదు, ఖాళీ ఆసనం, పాదముద్రలు అంతే. ఇక్కడేమో ఒకరికి ఇద్దరు.

మర్నాడు గ్వాచాన్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం. సియోల్ గ్రాండ్ పార్క్ స్టేషన్ బయట షటిల్ బస్సు దొరుకుతుంది. లోపల 1,003 టీవీలతో పైక్ చేసిన 18.5 మీటర్ల గోపురం, 1988 నాటిది. దంగున్ కొరియా దేశాన్ని స్థాపించాడని చెప్పే అక్టోబరు 3కి (10-03) గుర్తుగా ఆ 1,003 టీవీలు. పాడైపోతే 2018లో ఆపేసి, 266 తెరలు ఎల్‌సీడీలుగా మార్చి, 2022లో మళ్ళీ వెలిగించారు. పాతవాటిని కాపాడటానికి రోజుకి కొన్ని గంటలే నడుపుతారు. తెలియక పొద్దున్నే వెళ్ళి చీకటి గోపురం చుట్టూ తిరిగాం. వేళలు ముందే చూసుకోండి. ఒక్కరోజే ఉంటే మాత్రం యోంగిన్‌కే వెళ్ళమంటాను.

బస సియోల్‌లోని జోంగ్నోలో ఒక హానోక్ (పాతకాలపు కొరియన్ ఇల్లు) గెస్ట్‌హౌస్‌లో. కింద వేడెక్కే నేల, దాని మీద పల్చటి పరుపు. మొదటి రాత్రి వేడి ఎక్కువై కిటికీ తెరిచి పడుకున్నాం, పొద్దున నడుం పట్టేసింది. బాత్రూంలో షవర్ వదిలితే టాయిలెట్ పేపర్ కూడా తడిసిపోతుంది. అద్దెకి తగ్గ సుఖం లేదు.

నాకు తిండి టెన్షన్ ఉండేది. మాంసం తీసేయమని ఫోన్‌లో కొరియన్‌లో చూపిస్తే బిబింబాప్ (అన్నం మీద కూరగాయలు వేసి కలుపుకునేది) దొరికింది, గుడ్డు సంగతి విడిగా చెప్పాలి. అన్నట్టు రెండు మ్యూజియంలకీ సోమవారం సెలవు.