ఇంటిపేరు చరిత్ర ఫ్రేములు కొనేవాళ్లు జాగ్రత్త!

నిన్న సాయంత్రం పార్శిల్ విప్పాను. కోపం ఇంకా తగ్గలేదు. ఇంగ్లిష్ ఇంటిపేరు చెబితే దాని పుట్టుక, వంశ చరిత్ర, కులచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్, డాలు ఆకారంలో ఉండే వంశ ముద్ర) అన్నీ అచ్చేసి ఫ్రేము కట్టి పంపే ఆ ఆన్‌లైన్ షాపు గురించే. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు వాళ్ల యాడ్ చూసే ఉంటారు.

మాది ధవళేశ్వరం దిగువన కాలువ గట్టు మీద ఊరు. మే 15న కాటన్ దొర పుట్టినరోజుకి పంచాయతీ ఆఫీసులో పెట్టుకోవడానికి ఆయన ఇంటిపేరు చరిత్ర పంపిస్తానని బాబాయికి మాటిచ్చాను. 85 పౌండ్లు కట్టాను. "మీ కోసం ప్రత్యేకంగా పరిశోధించి రాస్తాం" అన్నారు, నమ్మాను.

మొదటి వాక్యమే తప్పు. ఆ వంశం వాళ్లు పత్తి వ్యాపారులట! పత్తి అనే అర్థమున్న 'కాటన్' అరబిక్ మాట, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంటిపేరు సంగతి వేరు. పాత ఇంగ్లిష్‌లో 'కాట్' అంటే గుడిసె, 'కాటుమ్' అంటే గుడిసెల దగ్గర. అలా కాటన్, కోటన్ అని ఊళ్లకి పేర్లు పడ్డాయి, ఆ ఊళ్లవాళ్లకి అదే ఇంటిపేరయింది. సఫోక్‌లో కాటన్, కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ ఇప్పటికీ ఉన్నాయి. కందుకూరు నుంచి కందుకూరి వారు వచ్చినట్టే. ఇదే ఇంటిపేరున్న సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) పోగుచేసిన రాతప్రతులు 1753లో బ్రిటిష్ మ్యూజియానికి పునాది సేకరణల్లో ఒకటి. ఆయన పేరు కూడా ఆ ఫ్రేములో లేదు.

నాలుగో లైనుకి వచ్చేసరికి నా చేతులు వణికాయి. "ఘనమైన టర్నర్ కుటుంబం" అని ఉంది. టర్నర్! లేత్ మీద చెక్క పని చేసేవాళ్ల ఇంటిపేరు అది. ఎవరికో అమ్మిన కాగితంలోనే పేరు మార్చి నాకు పంపారు, ఒకచోట మార్చడం మర్చిపోయారు.

వెంటనే ఫోన్ చేశాను. అవతలి మనిషి తాపీగా అంతా విని, "ఇండియాలో గోడకి తగిలించడానికే కదా, అక్కడ ఎవరు చదువుతారు?" అన్నాడు. రాత్రంతా ఆ మాటే చెవుల్లో మోగింది. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక మా డెల్టాకి అన్నం పెట్టిన మనిషి పేరు అది. మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చదువుతారు. డబ్బు వెనక్కి ఇవ్వనని ఫోన్ పెట్టేశాడు.

తప్పు నాది కూడా. కొనేముందు ఒక్క గంట చదివి ఉంటే సరిపోయేది. ఇంటిపేరుకి కులచిహ్నం అనేదే ఉండదని ఇప్పుడు తెలిసింది. అది ఒక మనిషికి ఇస్తారు, ఆయన వంశంవాళ్లకే చెల్లుతుంది. 1484 నుంచి లండన్‌లో ఉన్న, ఈ చిహ్నాలు ఇచ్చే సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ వాళ్లే ఆ మాట స్పష్టంగా చెబుతున్నారు. ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా ఒకే కుటుంబమూ కాదు.

కొనాలనుకుంటే ముందు రాత మొత్తం పంపమనండి, చదివాకే డబ్బు కట్టండి. ఇక్కడ ఉండేవాళ్లు మీ ఊరి లైబ్రరీలో అడగండి, చాలాచోట్ల వంశచరిత్ర సైట్లు ఉచితంగా చూడనిస్తారు. చర్చి రిజిస్టర్లు 1538 నుంచి మొదలయ్యాయి, పాతవి జిల్లా రికార్డు ఆఫీసుల్లో దొరుకుతాయి. బాబాయికి నేనే రాసి పంపుతున్నాను, ఇవాళ రాత్రికి పూర్తి చేయాలి.