తొమ్మిది పౌండ్ల రోటర్‌కి 172 పౌండ్ల బిల్లు: ఎంజీబీలో లేక్ డిస్ట్రిక్ట్

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇంగ్లండ్ వాయవ్యంలోని సరస్సుల సీమ లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక్క మాట ముందే వినాలి. దారిలో బండి ఆగి గ్యారేజీకి చేరితే, పెట్రోలు లైను విప్పడానికి ముందు ప్లగ్గులకి స్పార్కు వస్తోందో చూశారా లేదా అని అడగండి. మేం అడగలేదు. 172 పౌండ్ల 80 పెన్నీలు, ఒక పూట, మా బావ హుషారు అన్నీ అక్కడే పోయాయి.

బండి 1969 ఎంజీబీ రోడ్‌స్టర్. 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు, పుల్లల చక్రాలు. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్ళు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఇదీ ఒకే కుటుంబం, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ళ బి-సిరీస్. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజన్లు దించి ఎక్కించిన చేతులకి దీని బానెట్ కింద కొత్తగా కనిపించేది చాలా తక్కువ.

మొదటి రోజు పొద్దున ఆబింగ్డన్. 1929 నుంచి 1980 అక్టోబరు దాకా ఎంజీలు తయారైన ఊరు. ఫ్యాక్టరీ పోయింది గానీ పక్కనే కింబర్ హౌస్‌లో ఎంజీ కార్ క్లబ్ ఆఫీసు ఉంది. అక్కణ్ణుంచి గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం, తప్పకుండా చూడాల్సిందే. తర్వాత ఎం40, ఎం42, ఎం6 మోటర్‌వేలు. ఎండ బాగా కాస్తోంది, టాపు దించేశాం, అంతా బాగుంది.

లేక్ డిస్ట్రిక్ట్ అంచునున్న కెండల్ ఇంకా ఇరవై మైళ్ళుందనగా, 60 మైళ్ళ వేగంలో ఇంజన్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. దగ్గలేదు, తడబడలేదు, స్విచ్ ఆపేసినట్టే. మోటర్‌వే పక్కన ఆగే వార, హార్డ్ షోల్డర్ మీద అరగంట చల్లారాక ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. మళ్ళీ నాలుగు మైళ్ళకి అదే వరస. రికవరీ బండి వచ్చి పాత కార్ల స్పెషలిస్టు అని బోర్డున్న ఒక గ్యారేజీలో దింపింది. రికవరీకి డబ్బేం పడలేదు, ఇన్సూరెన్సులోనే ఉంది. పాత బండికి ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఇది ఉందో లేదో చూసుకోండి.

గ్యారేజీవాళ్ళు లక్షణం విని వెంటనే వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోలు ఆవిరై దారి మూసేయడం, అనేశారు. ట్యాంకులో పెట్రోలు తోడేశారు, ఫిల్టర్ మార్చారు, కార్బురేటర్ బౌళ్ళు కడిగారు. గంటకి 72 పౌండ్ల లెక్కన రెండు గంటలు, పైన 20 శాతం వ్యాట్. బండి అప్పటికి చల్లబడింది కాబట్టి ఎలాగూ స్టార్ట్ అయ్యేదే.

వేపర్ లాక్ ఈ బండ్లకి నిజంగానే ఉన్న జబ్బు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి కాస్త పైనే కార్బురేటర్లుంటాయి. ఎండలో నడిపి ఆపిన పావుగంటకి ఆ వేడికి బౌల్లో పెట్రోలు మరుగుతుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తే సతాయిస్తుంది. అది ఆగి ఉన్నప్పుడో, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడో వచ్చే తంటా. గాలి జోరుగా కొట్టే 60 మైళ్ళ వేగంలో ఇలా గొంతు నొక్కినట్టు ఆగిపోదు. పెట్రోలు అందకపోతే బండి ముందు దగ్గుతుంది, గుంజుతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. పైగా ఇగ్నిషన్ వేయగానే వెనక ఎస్‌యూ పంపు టకటకా కొట్టి, బౌళ్ళు నిండగానే నిలిచిపోతోంది. అంటే పెట్రోలు వస్తోందనే కదా. ఆ చప్పుడు వినడానికి పది సెకన్లు చాలు. అసలు పంపు కొట్టకపోతే దాని లోపల కరెంటు కలిపే పాయింట్లు అంటుకున్నట్టు. ఆగకుండా కొడుతూనే ఉంటే ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో గాలి లాగుతోంది.

ఆ రాత్రి విండర్మియర్ దగ్గర బస. గదికి 128 పౌండ్లు. గది బాగుంది, పార్కింగ్ మాత్రం గులకరాళ్ళు పరిచిన ఏటవాలు. పొద్దున బిల్లులో ఇంకో 40 పౌండ్లు, రాళ్ళ మీద ఆయిల్ మరక పడిందని. అరచేయంత మరక! ముందు ఒక్క మాట చెప్పి ఉంటే అట్ట పరిచేవాళ్ళం. ఈ ఇంజన్లకి ఆయిల్ కారడం మామూలే. ఎక్కువగా ఇంజన్ పక్కనుండే రేకు మూతల (టాపెట్ ఛెస్ట్ కవర్ల) నుంచి కారుతుంది. కారుతోంది కదా అని గట్టిగా బిగిస్తే రేకు వంగి ఇంకా కారుతుంది. విప్పి, అంచు తిన్నగా చేసి, కొత్త గాస్కెట్ వేసి మెల్లగా బిగించాలి. బస బుక్ చేసేటప్పుడు పార్కింగ్ ఉందా అని కాదు, చదునుగా ఉందా, కాంక్రీటా అని అడగండి. డిక్కీలో ఒక వెడల్పాటి రేకు ట్రే పెట్టుకోండి.

బావ అప్పటికే మొహం ముడుచుకుని ఉన్నాడు. "ఇంకోసారి ఆగిందంటే నేను రైలెక్కేస్తాన్రా" అన్నాడు. లాంగ్‌డేల్ లోయలోకి దిగాక మూడోసారి ఆగింది.

ఈసారి అదృష్టం. ఆ రాత్రికి బుక్ చేసుకున్న పొలం ఇల్లు ఒక మైలు దూరంలోనే ఉంది. ఇంటావిడ ఫోన్ చేస్తే ట్రాక్టర్లు బాగుచేసే పక్కింటి పెద్దాయన బండి చల్లారకముందే వచ్చాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఆగినప్పుడు టాకో ముల్లు ఎలా పడింది?" టాకో అంటే ఇంజన్ చుట్లు చూపే టాకోమీటర్. ఈ బండిలో అది, స్పార్కు పుట్టించే కాయిల్‌లోకి వెళ్ళే ప్రైమరీ కరెంటుతో పనిచేస్తుంది. బండి ఇంకా గేర్లో దొర్లుతుండగానే ముల్లు టక్కున సున్నాకి పడితే తప్పు ఆ కరెంటుని కలిపి తెంచే పాయింట్లదో, ప్రైమరీ వైరుదో, స్విచ్చుదో. బండి వేగంతోపాటు మెల్లగా దిగితే ప్రైమరీ బాగానే ఉంది, స్పార్కు కాయిల్ తర్వాత ఎక్కడో పోతోంది. మాది మెల్లగానే దిగింది.

అప్పుడాయన ఒక్కో ప్లగ్గుకీ స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు, మన మెకానిక్కులు డెల్కో అంటారే, అదే. లోపల తిరుగుతూ స్పార్కుని ప్లగ్గుల వైపు తిప్పే ముక్క, రోటర్‌ని దాని చోటే ఉంచాడు. ఇంజన్ తిప్పి పాయింట్లు మూసుకునేలా పెట్టి ఇగ్నిషన్ వేశాడు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొసని రోటర్ నడిమి ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల పైన ఇన్సులేటెడ్ ప్లయర్‌తో పట్టుకుని, పిడికి ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో పాయింట్లు ఎడంచేశాడు. టప్‌మని నీలం మెరుపు రోటర్‌లోకి దూకింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ దూకింది. బాగున్న రోటర్ అయితే అలా దూకకూడదు. అది బేకలైట్ ముక్క, కింద షాఫ్టుకి కరెంటు పోయే దారే ఉండదు. దూకిందంటే లోపల చిట్లి, ప్లగ్గుకి పోవాల్సిన స్పార్కు షాఫ్టులోకి దిగిపోతోందన్న మాట. వేడెక్కితే చిట్లు తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే దొరకదు.

ఇప్పుడు అమ్మే చౌక నల్ల రోటర్లలో ఇత్తడి పలకని రివెట్‌తో బిగిస్తారు. ఆ రివెట్ కొస కింది స్ప్రింగు క్లిప్పుకి మరీ దగ్గరగా వస్తుంది, మధ్యలో మిగిలే బేకలైట్ పలచన. పాతదాన్ని తర్వాత రంపంతో కోసి చూస్తే రివెట్ చివరనుంచి క్లిప్పు దాకా వెంట్రుకంత నల్ల గీత స్పష్టంగా కనిపించింది. రివెట్ లేకుండా పోతపోసిన ఎర్ర రోటర్లు దొరుకుతాయి, అవే కొనండి. ఆయన తన డబ్బాలోంచి ఒకటి తీసిచ్చి 9 పౌండ్లు తీసుకున్నాడు. పనికి డబ్బు వద్దన్నాడు, బలవంతంగా 20 చేతిలో పెట్టాం. పాయింట్ల గ్యాపు కూడా చూసి 0.38 మిల్లీమీటర్లకి సరిచేశాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు.

ఆ పొలం ఇంట్లో గదికి 86 పౌండ్లు, టిఫినుతో సహా. కాంక్రీటు వాకిలి, ఆవిడే అట్ట పరిచింది, చీకటి పడితే టార్చి కూడా తెచ్చిచ్చింది. కంబర్లాండ్ సాసేజ్, గుడ్లు, ఇంట్లో చేసిన రొట్టె. వెంట తెచ్చుకున్న ఆవకాయ రొట్టెకి రాసుకుని తిన్నాక బావ మళ్ళీ నవ్వాడు.

మూడో రోజు వ్రైనోస్, ఆ వెంటనే హార్డ్‌నాట్ కనుమ. హార్డ్‌నాట్‌లో కొన్ని చోట్ల వాలు 33 శాతం, రోడ్డు ఒక్క కారు పట్టేంత. పొద్దున ఎనిమిది లోపే ఎక్కేయండి, తర్వాత ఎదురొచ్చే బండ్లతో ఆగి ఆగి క్లచ్ మాడిపోతుంది. ఫ్యాను ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి మెల్లగా ఎక్కేటప్పుడు గాలి చాలదు. వేడి ముల్లు పైకి పోతుంటే హీటరు పూర్తిగా తెరవండి, అది రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. దిగేటప్పుడు మొదటి గేరు. ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు, ఓవర్‌డ్రైవ్, మూడు, నాలుగు గేర్లలోనే పడుతుంది, దాంతో ఇక్కడ పనిలేదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళు దాటితే మార్చకుండా ఈ కనుమకి రావద్దు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, దిగుడులో డిస్కుల వేడికి మరుగుతుంది, పెడల్ అడుగంటుతుంది. ఎస్క్‌డేల్ వైపు దిగుతుంటే రోమన్ కోట గోడలు కనిపిస్తాయి. అక్కడ ఆగితే బ్రేకులూ చల్లారతాయి, చూపుకీ విందే.

పెట్రోలు మొత్తం 88 లీటర్లు, లీటరు 1.56 లెక్కన 137 పౌండ్ల 28 పెన్నీలు. ఇథనాల్ తక్కువుండే సూపర్ అన్‌లెడెడ్ ఈ5 మాత్రమే పోయించాం. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అందులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం గొట్టాలు వేయించకపోతే ముందు ఆ పని చూడండి.

డబ్బాలో ఉండాల్సినవి: ఎర్ర రోటర్లు రెండు, పాయింట్లు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, 35 ఆంపియర్ ఫ్యూజులు, ఫీలర్ గేజి, లీటరు 20డబ్ల్యు50 ఆయిల్, చక్రాల నడిమి పెద్ద నట్లు కొట్టి విప్పడానికి రాగి సుత్తి. చక్రం ముందుకు తిరిగే దిక్కుగా కొడితే నట్టు వదులవుతుంది, రెండు పక్కలా ఇదే లెక్క.

తిరుగు ప్రయాణంలో బండి ఒక్కసారి కూడా తడబడలేదు. కోసిన రోటర్ ఫొటోలు, పెద్దాయన చేసిన పరీక్ష వివరం రాసి గ్యారేజీకి పంపితే 72 పౌండ్లు వెనక్కి వేశారు. బసవాళ్ళని ఆ 40 గురించి రెండుసార్లు అడిగాం, జవాబు రాలేదు.